తల్లులున్న అనాథలు

పుట్టినరోజునాడు పిల్లల్ని అనాథాశ్రమానికి తీసుకెళ్ళి, కేకు కోయించి, పండ్లు పంచి, ఫోటో దిగి రావడం మన పట్టణాల్లో మామూలైపోయింది. ఆ ఫోటోలోని పిల్లల తల్లులు ఎక్కడున్నారని అడిగేవాళ్ళు తక్కువ. నేనూ చాలాకాలం అడగలేదు.

ఇదే పనిని రుసుము కట్టించుకుని దేశాల మధ్య నడిపితే దాని పేరు వలంటీర్ టూరిజం. నేపాల్ సంగతే చూడండి. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాలకు దళారులు వెళ్ళారు. ఖాట్మండూలో మంచి బడిలో చదివిస్తామన్నారు. పిల్లల్ని ఎక్కడ యుద్ధంలోకి లాక్కుపోతారోనన్న భయంతో ఉన్న తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి, ఆ దళారులకే డబ్బిచ్చి పంపారు. రాజధాని చేరేసరికి ఆ పిల్లలు అనాథలయ్యారు. బతికున్న తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టాయి. యుద్ధం ముగిసింది గానీ వ్యాపారం ముగియలేదు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నూటికి 80 మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని ఆ తర్వాత లెక్క తేలింది. ఆ ఆశ్రమాల్లో అత్యధిక భాగం ఖాట్మండూ, లలిత్‌పూర్, భక్తపూర్, కాస్కి, చిత్వన్ జిల్లాల్లోనే ఉండేవి. టూరిస్టులు ఎక్కువగా తిరిగేదీ అక్కడే. పేదరికం కొండల్లో ఉంటే ఆశ్రమాలు విమానాశ్రయం చుట్టూ ఎందుకు వెలిసినట్టు?

వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నిజంగా ప్రేమతోనే వస్తారు. రెండు వారాలు ఎత్తుకుని ఆడించి వెళ్ళిపోతారు. మళ్ళీ ఇంకొకరు. ఇన్నిసార్లు విడిపోవడం పసివాళ్ళను ఏం చేస్తుందో ఆలోచించం. చిక్కిపోయిన పిల్లను చూస్తే విరాళం పెరుగుతుంది కనుక, కొన్నిచోట్ల నిర్వాహకులు పిల్లల్ని కావాలనే అలా ఉంచారు. ఏడాది పొడుగునా మలమూత్రాలెత్తే ఆయాలు మాత్రం ఏ ఫోటోలోనూ కనిపించరు.

'తల్లే ఒప్పుకుని పంపింది కదా' అంటారు. చుట్టుపక్కల మంచి బడి లేక, చేతిలో డబ్బు లేక, అబద్ధం విని ఇచ్చిన మాటను ఒప్పుకోలు అనవచ్చునా? ఈ వాదన మనకు కొత్త కాదు. 1999లోనూ 2001లోనూ ఆంధ్రప్రదేశ్‌లో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. తెలంగాణ తండాల్లో లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకు తీసుకుని విదేశీ దత్తతకు సిద్ధం చేసిన సంగతి తెలిసినప్పుడు కూడా 'తల్లే ఇచ్చింది' అన్నారు. ఆ తల్లికి వేరే దారి ఏముందని అడిగినవాళ్ళు తక్కువే.

2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, అనాథాశ్రమాల కోసం పిల్లల్ని తరలించడం కూడా బానిసత్వమేనని గుర్తించింది. మంచిదే. కానీ చట్టం దళారిని పట్టుకుంటుందేమో గానీ తల్లికి బడి కట్టివ్వదు. ఒక వలంటీర్ విమాన టిక్కెట్టుకూ రుసుముకూ పెట్టే డబ్బు హుమ్లాలో ఊరి బడికి చేరితే, అక్కడి పిల్ల సాయంత్రానికి తన ఇంటికే వెళ్తుంది.