మొలకను చూచి తీర్పు చెప్పవచ్చునా?

భద్రాచలమున 2005వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీని జన్మించిన గొంగడి త్రిష పేరు 2025 ఫిబ్రవరి మాసమున దేశమంతట మారుమ్రోగినది. ఆ నెల 2వ తేదీని కౌలాలంపూర్ నగరమున జరిగిన పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచ కప్పు తుది పోటీలో ఆమె 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసికొని, పిమ్మట 44 పరుగులతో అజేయురాలై నిలిచి, దక్షిణాఫ్రికాపై భారతమునకు విజయము సమకూర్చినది. పోటీలన్నింటను ఉత్తమ క్రీడాకారిణి యను గౌరవమును ఆమెకే దక్కినది. నాటినుండి గోదావరి యొడ్డునను, ఖమ్మము పట్టణపు వీథులలోను, తెలుగువారు కూడిన ప్రతిచోటను ఒక్క ప్రశ్న వినవచ్చుచున్నది: ఈ బాలిక ముందుముందు మహాతార కాగలదా?

ప్రశ్న సహజమే. కాని జవాబు చెప్పుటకు తొందరపడువారు మెండు, ఆలోచించువారు కొద్ది. జోస్యము చెప్పుట పత్రికల పని కాదు. సాక్ష్యమును తూచుట మాత్రము మా విధియని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అనుకూలమగు సాక్ష్యము స్వల్పమైనది కాదు. ఆ పోటీలలో త్రిష చేసిన పరుగులు 309. ఆమె తరువాతి స్థానమున నిలిచిన ఇంగ్లండు బాలిక చేసినవి 176 మాత్రమే. స్కాట్లండుపై జనవరి 28వ తేదీని 59 బంతులలో 110 పరుగులు చేసి అజేయురాలై నిలిచినది. ఆ పోటీల చరిత్రలో శతకము చేసిన మొదటి బాలిక ఈమెయే. అయినను మాకు అంతకన్న విలువైనదిగా తోచు ఆట మరియొకటి కలదు. 2023 జనవరి 29వ తేదీని దక్షిణాఫ్రికాలోని పాచెఫ్‌స్ట్రూమ్‌లో, ఇదే కప్పు తొలి పర్యాయపు తుది పోటీలో, భారతము 69 పరుగులు చేయవలసియుండగా ప్రారంభ బ్యాటరులిద్దరును త్వరగా వెనుదిరిగిరి. అప్పుడు పదునేడేండ్ల త్రిష 29 బంతులాడి 24 పరుగులు చేసినది. వానిలో అబ్బురమేమియు లేదు; అదరిపాటును లేదు. ఎప్పుడు కొట్టవలయునో, ఎప్పుడు నిలువవలయునో తెలియుటయే ఆటగాని వివేకము. 110 పరుగులు బలమునకు సాక్షి. ఆ 24 పరుగులు బుద్ధికి సాక్షి.

ప్రతికూలమగు విషయములను దాచుట న్యాయము కాదు. స్కాట్లండు జట్టు ప్రపంచమున మేటి జట్టు కాదు. కౌలాలంపూరు తుది పోటీలో చేయవలసిన పరుగులు 83 మాత్రమే. వయస్సుచే గీచిన గిరిలో సమవయస్కులపై గెలుచుట వేరు. పదేండ్లుగా దేశదేశముల తిరిగి ఆరితేరిన బౌలరుల నెదిరించుట వేరు. 2012లో భారత బాలుర జట్టునకు నాయకుడై, తుది పోటీలో అజేయముగ 111 పరుగులు చేసి ప్రపంచ కప్పు తెచ్చిన ఉన్ముక్త్ చంద్‌ను నాడు పత్రికలన్నియు ఆకాశమున కెత్తినవి. అతడు భారత ప్రధాన జట్టులో ఒక్క ఆటయైన ఆడలేదు. 2021లో స్వదేశపు క్రికెట్‌కు స్వస్తి చెప్పి అమెరికాకు తరలిపోయెను. అంతకు నాలుగేండ్ల ముందు, 2008లో, అదే కప్పు గెలిచిన విరాట్ కోహ్లీ యేమయ్యెనో చెప్పనక్కరలేదు. కప్పు ఒక్కటే, దారులు రెండు.

వేరొక తెలుగు బాలిక కథయు పాఠకులు మరువరాదు. కడప జిల్లాకు చెందిన శ్రీచరణి పేరు 2023 నాటి పందొమ్మిదేండ్లలోపు ప్రపంచ కప్పు జట్టులో లేదు. 2025 ఏప్రిలులో ఆమె ప్రధాన జట్టున చేరినది. అదే సంవత్సరము నవంబరు 2వ తేదీని నవీ ముంబైలో భారత స్త్రీల జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఆ పోటీలలో 14 వికెట్లు ఆమెవే. మొదట మెరసినవారందరును నిలువరు. నిలిచినవారందరును మొదట మెరసియుండలేదు. సికింద్రాబాదున ఆట నేర్చిన మిథాలీ రాజ్‌ను 1997లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ప్రపంచ కప్పు సంభావ్యుల జాబితాలో చేర్చి, తుది జట్టునుండి విడిచిపెట్టిరి. రెండేండ్లకు, 1999లో, తన తొలి అంతర్జాతీయపు టాటలోనే ఐర్లండుపై 114 పరుగులతో ఆమె బదులు చెప్పినది. విడిచిపెట్టిన నాడు ఆమెను అసమర్థురాలనియెంచి అభ్యాసము మాన్పించియున్నచో దేశమెంత నష్టపడియుండెడిది!

హాకీయాటలో సెంటర్ ఫార్వర్డు అను స్థానము కలదు. గోలు కొట్టి కీర్తి పొందువాడు సాధారణముగ అతడే. ఆ స్థానమునకు మకుటమువంటి ధ్యాన్‌చంద్ 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్సులో 14 గోలులు కొట్టెను. కాని అతడు పట్టుదలతో కర్ర చేతబట్టినది 1922లో సైన్యమున చేరిన పిమ్మటనే. ఆటస్థలమును, నేర్పు గురువును, నిత్యాభ్యాసమును సైన్యమే యిచ్చినది. బంతిని వెనుకనుండి అందించువారు లేనిచో ఎంతటి సెంటర్ ఫార్వర్డయినను మైదానము నడుమ ఒంటరిగా నిలిచి చూడవలసినదే. ప్రతిభయు అట్టిదే. అందించు చేతులు లేక అది రాణింపదు.

త్రిషకు ఆ చేతులు ఎవరివి? తండ్రివి. బాల్యమున తాను హాకీ ఆడినవాడై, వ్యాయామశిక్షకుడుగా జీవించుచుండిన ఆయన, కూతురి యభ్యాసముకొరకై భద్రాచలము విడిచి సుమారు 300 కిలోమీటర్ల దూరమునగల సికింద్రాబాదునకు కాపురము మార్చెను. ఆ త్యాగమునకు నమస్కరింపవలసినదే. కాని మేమడుగు ప్రశ్న మరియొకటి. ఊరు విడువగల స్తోమత, తెగువ లేని తండ్రుల బిడ్డల గతి యేమి? దుమ్ముగూడెము, చర్ల, గుండాల అడవిపల్లెలలోని కోయబిడ్డలలో ఎందరి చేతులలో ఎట్టి విద్య దాగియున్నదో ఎవరు చూచిరి?

చూచినచోట ఫలమేమో మనకు తెలియును. చర్ల మండలపు కలేరు గ్రామస్థుడగు సాధనపల్లి ఆనందకుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థియై, నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణతో కూడ, 2014 మే 25వ తేదీని ఎవరెస్టు శిఖరమెక్కెను. వారికి తొలిపాఠము భువనగిరి గుట్టమీద జరిగినది. ఒడిస్సాలోని సుందర్‌గఢ్, ఝార్ఖండులోని సిమ్‌డేగా ప్రాంతములును మన యేజెన్సీవలె అడవిసీమలే. సుందర్‌గఢ్ దిలీప్ తిర్కీని, సిమ్‌డేగా సలీమా టేటేను హాకీ జట్టు నాయకత్వమునకు పంపినవి. 1928 జట్టు నాయకుడగు జైపాల్ సింగ్ ముండా కూడ అడవిబిడ్డయే. అచ్చట పల్లెపల్లెను కర్రయు బంతియు కలవు. పల్లెలనుండి జిల్లాకు, జిల్లానుండి శిక్షణాలయమునకు దారి కలదు. మన సీమలో కిన్నెరసాని క్రీడాపాఠశాల వంటివి కలవు. కాని ఒక్క దీపముతో అడవియంతయు వెలుగదు.

కౌలాలంపూరు విజయము పిమ్మట తెలంగాణ ప్రభుత్వము త్రిషకు ఒక కోటి రూపాయల బహుమానము ప్రకటించినది. మేము హర్షించితిమి. అయినను పండిన చెట్టునకు పందిరి వేయుటకన్న, మొలకకు నీరు పోయుట మేలుగదా! ప్రతి ఆశ్రమపాఠశాలకు చదునైన ఆటస్థలము, ఆట యెరిగిన గురువు, ఎదుగు దేహమునకు తగిన ఆహారము, దూరపు పోటీలకు దారిఖర్చు: ఈ నాలుగును సమకూర్చుటకు కావలసినది అద్భుతము కాదు, శ్రద్ధ.

మూలప్రశ్నకు మా యుత్తరమిది. ఆ వయస్సున చూపవలసిన లక్షణములన్నియు త్రిష చూపినది: బలము, నిలుకడ, బ్యాటుతోపాటు బంతియు నేర్చిన పరిశ్రమ. పందొమ్మిదేండ్ల గిరి ఆమె దాటినది. ఇకమీద ఆమెను తూచవలసినది శతకములతో కాదు, ఓడిన మరునాటి యభ్యాసముతో. కనుక బిరుదులు తగిలించి భారము పెంచకుడు; రెండు ఆటలు చెడగానే తీసిపారవేయకుడు. ఆమె తార యగునో కాదో కాలము చెప్పును. భద్రాచలపు అడవియంచున రెండవ త్రిష, పదియవ త్రిష బయలుదేరుదురో లేదో కాలము చెప్పదు. అది మనము చేయు పనిపై ఆధారపడియున్నది. ప్రభుత్వమును, జిల్లా ప్రజలును, ఖమ్మము వర్తకప్రముఖులును ఈ విషయమున వెంటనే పూనుకొందురని ఆశించుచున్నాము.