సెప్టెంబరు 17: ఒక తేదీ, పెక్కు పేర్లు

సెప్టెంబరు 17 సమీపించగానే తెలంగాణలో జెండాల కంటె ముందు పేర్ల తగాదా మొదలవుతుంది. విమోచనమని ఒకరు, విలీనమని మరొకరు, విద్రోహమని వేరొకరు. 2022లో కేంద్రం విమోచన దినమన్నది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో అదే ప్రజాపాలన దినోత్సవమైంది. పాత నిజాం రాజ్యంలోని మరాఠ్వాడాకు అది ముక్తిసంగ్రామ దినం. కర్ణాటక 2019లో కల్యాణ కర్ణాటక ఉత్సవమని పేరు మార్చింది. రాజ్యం ఒకటే, తేదీ ఒకటే!

1948లో ఆనాడు సైనికచర్య అయిదవ రోజుకు చేరగా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పుల విరమణ ప్రకటించాడు. 1950 జనవరి 26న ఆయనే రాజప్రముఖ్ అయినాడు. సింహాసనానికి పరిహారం దొరికింది. దానితో ఏ సంబంధమూ లేని రైతులు, నేతపనివారు, చిరువ్యాపారులైన ముస్లిములకు దొరికినది వేరు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం మృతుల సంఖ్యను 27,000 నుండి 40,000గా అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అధికంగా నష్టపోయాయి. ప్రాణాలకు తెగించి ముస్లిములను కాపాడిన హిందువుల ప్రస్తావన కూడా ఆ నివేదికలో ఉంది. అది దశాబ్దాలపాటు బీరువాలలోనే ఉండిపోయింది.

రజాకార్ల దౌర్జన్యాలను దాచవలసిన అగత్యం మనకు లేదు. భారతదేశంలో చేరాలని వ్రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపినది వారే. కాసిం రజ్వీ పేరు ఏటా వేదికలపై మారుమ్రోగుతుంది. షోయబుల్లా పేరు అంత గట్టిగా వినిపించదు. ఇది యాదృచ్ఛికమని మేము అనుకోవడం లేదు.

ఇదే తేదీన 1879లో ఈరోడ్‌లో పెరియార్, 1915లో పండరీపురంలో మక్బూల్ ఫిదా హుసేన్ జన్మించారు. హైదరాబాదులో సినిమా ఘర్ నెలకొల్పిన ఆ చిత్రకారుడు కేసులు, బెదిరింపుల మధ్య దేశం విడిచి, 2011లో లండన్‌లో కన్నుమూశాడు. మన పిల్లల క్యాలెండరులో ఆ పేరూ ఉండవద్దా?

సుందర్‌లాల్ నివేదిక పూర్తిపాఠాన్ని ప్రభుత్వమే తెలుగు, ఉర్దూలలో అచ్చువేయించాలి. అంతవరకు మన ఇండ్లలోని పని ఆగనక్కరలేదు. ఆనాడు పదేండ్లవారు ఇప్పుడు ఎనభై అయిదు దాటారు. పాఠకులు ఈ నెలలోనే వారి చెంత కూర్చొని ఊరి పేరు, చనిపోయినవారి పేర్లు, ఆశ్రయమిచ్చిన ఇంటివారి పేర్లు వ్రాసి మాకు పంపగలరు.