ట్యాబులో పాఠం ఉంది, టీచరు ఎక్కడ?

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. నెట్ లేకున్నా వీడియో నడుస్తుంది. దివిసీమ దళితవాడలకు ఇది చిన్న విషయం కాదు. మచిలీపట్నం, గుడివాడల్లో డబ్బున్నవాళ్లు కొనుక్కునే పాఠం నాగాయలంక కూలీ బిడ్డ చేతికొచ్చింది. అందుకే ట్యాబును మేం వెక్కిరించం.

అయితే బీజగణితం మీద ఐదు నిమిషాల వీడియోకు పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. అది కనిపెట్టాల్సింది టీచరు. అదే ఏడాది జీవో 117 వచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించింది. చాలా ఊళ్ల బడుల్లో 1, 2 తరగతులే మిగిలాయి. 2025లో దాన్ని రద్దు చేసినా, రేపు 8కి వచ్చేది ఆ కుదుపు తిన్న పిల్లలే.

బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇకనైనా పాఠాలు ఎస్సీఈఆర్టీ చేతిలో ఉండాలి. ట్యాబు పగిలితే బాగుచేయించే ఖర్చు కూలి డబ్బుల్లోంచి పోకూడదు.