బ్యాడ్జీలు రెండు, బండి ఒకటే: ఏ సామాను కలుస్తుంది, ఏది కలవదు?

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. గూడూరులో ఒక్క ట్యాక్సీ మీదే ఇల్లు నడిపే కుటుంబానికి ఇది ఊరటే. కానీ పన్నుతో పాటు ఇంకో లెక్క కూడా తెలిసుండాలి. బండి మీద పేరు ఒకరిది, లోపల సామాను ఇంకొకరిది కావొచ్చు.

2019 జూన్‌లో వచ్చిన టయోటా గ్లాంజా అసలు మారుతి బాలెనోనే. 2023లో వచ్చిన రూమియన్ కూడా ఎర్టిగానే. ‘మా టయోటాకి మారుతి సామాను వేస్తారా?’ అని షెడ్డులో గొడవపడేవాళ్లు ఒక సంగతి చూడాలి. ఫ్యూయల్ పంపులో లోపం ఉండొచ్చని 2020 జులైలో మారుతి 1,34,885 వ్యాగనార్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. అదే పంపు కోసం టయోటా కూడా దాదాపు 6,500 గ్లాంజాలను పిలిచింది. సామాను ఒకటైతే జబ్బూ ఒకటే.

బ్రేకుల విషయంలో ఇది ఇంకా సీరియస్. 2022 ఆగస్టు 3 నుంచి సెప్టెంబర్ 1 మధ్య తయారైన 9,925 వ్యాగనార్, సెలెరియో, ఇగ్నిస్‌లను మారుతి వెనక్కి పిలిచింది. వెనక బ్రేకు అసెంబ్లీలో ఒక పిన్ను విరిగే ప్రమాదం ఉందట. కంపెనీ కబురు ఛాసిస్ నంబరును బట్టి ఆ కారు ఓనరుకే వెళ్తుంది. ఆ కారు తుక్కుకి పోయి, దాని బ్రేకు సెట్టు చెన్నై పుదుపేట లాంటి బజార్ల మీదుగా ఇంకో బండికి ఎక్కిందనుకోండి. ఆ బండి ఓనరుకి ఫోనూ రాదు, ఉత్తరమూ రాదు. అద్దం, బంపర్, డోర్ హ్యాండిల్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే నష్టం డబ్బు వరకే. బ్రేకు సామాను మాత్రం కొత్తది, పార్ట్ నంబరు కలిసింది, బిల్లుతోనే తీసుకోవాలి. పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కే బండి అది.

ఇంజిన్ దగ్గర ఇంకో చిక్కు. బాలెనో, గ్లాంజాల్లోనూ, పాత పెట్రోల్ స్విఫ్ట్‌లోనూ ఉండేది నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌దీ 1.2 లీటరే, కానీ సిలిండర్లు మూడు. ‘స్విఫ్ట్ సామాను’ అని నోటిమాటగా అడిగి తెచ్చుకుంటే తిరిగి పంపాల్సిందే. ఇక ఇంజిన్‌నే మార్చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకి తెలపాలి, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. లేకపోతే చెకింగ్‌లో, రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో జవాబు చెప్పుకోవాల్సింది ఓనరే, మెకానిక్ భాయ్ కాదు.

ఏది దేనికి సరిపోతుందో షెడ్డుల్లో అనుభవం మీదే నడుస్తోంది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి వర్క్‌షాపులకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. మారుతి, టయోటా రెండూ అందులో ఉన్నాయి. కేసు అప్పీళ్లకు వెళ్లింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అయితే చిన్న షెడ్డు మెకానిక్‌కి కావాల్సింది పోర్టల్ పేరు కాదు. ఏ ఏడాది గ్లాంజాకి ఏ ఏడాది బాలెనో ప్యాడ్ సరిపోతుందో చెప్పే పట్టిక, అదీ తెలుగులో. అది కంపెనీల దగ్గర ఉండే సమాచారమే. అడగాల్సింది అదే.