ముసుగు వెనక మనిషి

జిల్లా పేజీలో ఆ ఫొటో చూడనివాళ్లుండరు. పొడవాటి బల్ల. దానిమీద వరుసగా పేర్చిన బంగారు గొలుసులు, నోట్ల కట్టలు, రెండు కత్తులు, ఒక నాటు తుపాకీ. బల్ల దగ్గర కుర్చీల్లో పోలీసు అధికారులు. వాళ్ల వెనక గోడకి ఆనుకుని నలుగురు... తలలకి ముసుగులు. పైన శీర్షిక, 'దోపిడీ ముఠా ఆటకట్టు'. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివినవాళ్లు 'హమ్మయ్య, దొరికారు' అనుకుని పేజీ తిప్పేస్తారు. వాళ్ల లెక్కలో కేసు అక్కడితో అయిపోయింది.

నిజానికి కోర్టులో అప్పటికింకా ఏమీ మొదలుకాలేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. కొల్లేరు పక్క ఊళ్లో చెరువు పట్టుబడి అయింది. చేపలు అమ్మిన డబ్బు సంచిలో పెట్టుకుని రైతు రాత్రివేళ బండిమీద ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు వెళ్తున్నాడు. భీమడోలు దాటి పూళ్ల, కైకరం మధ్యలోకి వచ్చేసరికి ముగ్గురు అడ్డగించారు. కత్తి చూపించి సంచి లాక్కుపోయారు. చట్టం దీన్ని దోపిడీ అంటుంది. అదే పని ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి చేస్తే బందిపోటుతనం. దానికి యావజ్జీవం దాకా వేయొచ్చు. దోపిడీకి పదేళ్ల వరకు శిక్ష. హైవే మీద, అదీ పొద్దుగూకాక తెల్లారేలోపు జరిగితే పద్నాలుగేళ్ల వరకు. మారణాయుధం వాడారని రుజువైతే ఏడేళ్లకు తగ్గకూడదు. 2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయిగానీ, ఈ శిక్షలు మాత్రం అలాగే ఉన్నాయి.

వారం తిరక్కుండా ముగ్గురిని పట్టుకున్నారనుకోండి. ఇప్పుడు వాళ్లని ఏమనాలి? నిందితులు. అంటే నింద పడినవాళ్లు, అంతే. కోర్టు వాడుకలో ముద్దాయిలు. తమాషా ఏమిటంటే, ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. మన దగ్గరకొచ్చేసరికి ఆ మాట బోనెక్కింది! పేరు ఏదైనా, దొంగ అనడానికి మాత్రం తీర్పు రావాలి. నేరం చేశారని రుజువు చేయాల్సింది ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూషన్. 'నేను చేయలేదు' అని నిరూపించుకోవాల్సిన పని నిందితుడికి లేదు.

మరి ముసుగెందుకు? సిగ్గుపడతారని కాదు. డబ్బు పోగొట్టుకున్న రైతు ఆ మనుషుల్ని గుర్తుపట్టాలి. దానికో పద్ధతుంది. జైల్లో మేజిస్ట్రేటు సమక్షంలో, అదే వయసూ అదే ఒడ్డూపొడుగూ ఉన్న వేరేవాళ్ల మధ్య నిందితుణ్ని నిలబెడతారు. పోలీసులు పక్కన ఉండకూడదు. రైతు వచ్చి 'ఇతనే' అని చూపించాలి. ఈలోపే ఆ మొహం పేపర్లోనో టీవీలోనో వచ్చేస్తే? డిఫెన్సు లాయరు అడిగే ప్రశ్న ఒకటే... 'మీరు గుర్తుపట్టింది ఆ రాత్రి చూసిన మనిషినా, పేపర్లో చూసిన ఫొటోనా?' నిజంగా దోచుకున్నవాడైతే బయటపడే దారి దొరుకుతుంది. కానివాడైతే ఊరంతటికీ దొంగగా మిగిలిపోతాడు. ఎటుచూసినా నష్టమే.

వార్తల్లో తరచూ కనిపించే ఇంకో వాక్యం, 'విచారణలో నేరం అంగీకరించారు'. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. బ్రిటిషువాళ్ల కాలంనాటి సాక్ష్యాధారాల చట్టంలోనే ఆ మాట ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. అలాగని పోలీసుల చేతులు కట్టేశారనుకోవద్దు. అతను చెప్పిన చోట తవ్వితే సంచి దొరికిందంటే, ఆ దొరకడానికి దారితీసిన మాటవరకూ చెల్లుతుంది. దోపిడీ జరిగిన కొద్దిరోజుల్లోనే సొత్తు దగ్గరుండి, ఎలా వచ్చిందో చెప్పలేకపోతే దాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు.

ఏలూరుకి గంటన్నర దూరంలోని ఇబ్రహీంపట్నంలో జరిగింది గుర్తుందా? 2007 డిసెంబరులో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య. 2008 ఆగస్టులో ఒక కుర్రాణ్ని అరెస్టు చేసి కేసు ఛేదించామన్నారు. అమ్మాయి తల్లిదండ్రులే 'ఇతను కాదు' అంటూ వచ్చారు. అయినా 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి. రాజమండ్రి జైలు నుంచి బయటికొచ్చిన ఆ కుర్రాడికి పోయిన వయసుకి వెల ఎవరు కట్టగలరు?

అది హత్య కేసు. అచ్చంగా బందిపోటు కేసే కావాలంటే మహారాష్ట్రలోని జాల్నా జిల్లా ఉంది. 2003లో ఒక గుడిసె మీద పడి దోచుకుని, ఆ ఇంట్లో ఐదుగురిని చంపారు. బతికి బయటపడ్డ తల్లి పోలీసుల ఆల్బమ్‌లో నలుగురి ఫొటోలు చూపించింది. కేసు నడిచింది మాత్రం వేరే ఆరుగురి మీద! సంచార జాతుల కూలీలు వాళ్లు. 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. పదేళ్లకి, 2019 మార్చి 5న, అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని తన తీర్పుని తనే తిప్పేసింది. ఒక్కొక్కరికీ ఐదు లక్షలు ఇమ్మంది. ఉరి అమలై ఉంటే ఆ డబ్బు అందుకునేవాళ్లే ఉండేవారు కాదు.

అరెస్టయినవాళ్లని మీడియా ముందు ఊరేగించొద్దని కేంద్ర హోంశాఖ 2010లోనే రాష్ట్రాలకి రాసింది. పోలీసులు విలేకరులకి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో నియమావళి తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇందులో పేపర్లకీ వాటా ఉంది. అరెస్టు వార్త మొదటి పేజీలో వేసి, రెండుమూడేళ్ల తర్వాత 'కేసు కొట్టివేత' అని లోపలెక్కడో నాలుగు లైన్లు... అదీ చోటుంటేనే!

ఇక ఇంట్లో ఎవరినైనా పట్టుకెళ్లారని అర్ధరాత్రి ఫోనొస్తే ముందు చూసుకోవాల్సింది అరెస్టు మెమో. దానిమీద కుటుంబసభ్యుడో ఊళ్లో పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. ప్రయాణ సమయం పోగా ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. లాయరుకి డబ్బుల్లేవని ఆగనక్కర్లేదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయం ఎంతన్నది చూడకుండా, ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. ఏలూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగొచ్చు. లేదా 15100కి ఫోన్ చేయొచ్చు.