నానో ఫిల్టర్ హైదరాబాద్‌లో ఎప్పుడో తయారైంది.. మరి ముంచింగిపుట్టు కొండలకు ఎందుకు పరిష్కారం కాలేదు?

మీ ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ మొరాయిస్తే ఏం చేస్తారు? యాప్‌లో కంప్లైంట్ పెడతారు. రేపో ఎల్లుండో టెక్నీషియన్ వచ్చి ఫిల్టర్ మార్చి వెళ్తాడు. అప్పటిదాకా ఇరవై లీటర్ల క్యాన్ తెప్పించుకుంటారు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ముంచింగిపుట్టు మండలంలో ఇలా కుదరదు. కొండల మీది ఊళ్లలో చాలామందికి ఊట నీళ్లు, గెడ్డ నీళ్లే ఆధారం. కొన్నిచోట్ల ఊట దగ్గర తొట్టె కట్టి, పైపు వేసి, మోటారు లేకుండానే కిందికి నీళ్లు దించుతారు. వీటినే గ్రావిటీ పథకాలు అంటారు. నిజానికి ఇది నీళ్లు లేని ప్రాంతం కాదు. ఈ సరిహద్దులోనే 1955 నుంచి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది. సమస్యంతా నీటి శుభ్రతతోనే. వేసవిలో తేటగా ఉండే ఊట, వానలు మొదలవగానే మట్టితో, పశువుల పేడతో కలిసి వస్తుంది. ఏజెన్సీలో వానాకాలం అంటే విరేచనాల కాలం కూడా.

ఇక్కడ ఆర్వో మెషీన్ పనికిరాదు. దానికి కరెంటు కావాలి, కొంత నీటిని వృథాగా పారబోస్తుంది. పైగా అది ప్రధానంగా నీటిలో కరిగిన లవణాలను తీయడానికి పెట్టుకునేది. ఊట నీటిలో ఉండే బ్యాక్టీరియాకు అంత హంగామా అవసరం లేదు. సరిగ్గా ఇక్కడే నానో టెక్నాలజీ పనికొస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుంది?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటర్. వెండిని అంత సూక్ష్మమైన రేణువులుగా చేస్తే, అదే బరువు వెండికి నీటిని తాకే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాటి నుంచి కొద్దికొద్దిగా విడుదలయ్యే వెండి అయాన్లు బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. మన పాత స్టీలు ఫిల్టర్లలో ఉండే పింగాణీ క్యాండిల్‌కు ఈ పూత పూస్తే చాలు. క్యాండిల్ మట్టిని ఆపుతుంది, వెండి క్రిములను చంపుతుంది. కరెంటుతో పని లేదు.

ఇదేమీ కలగన్న సంగతి కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఇలాంటి నానో వెండి క్యాండిల్‌ను తయారుచేసి, ఎస్‌బీపీ ఆక్వాటెక్ అనే స్థానిక సంస్థతో కలిసి మార్కెట్‌కు తెచ్చింది. ఆ రోజుల్లో ఏఆర్‌సీఐకి నాయకత్వం వహించిన జి.సుందరరాజన్‌కు 2014లో పద్మశ్రీ వచ్చింది. 2009 డిసెంబరులో టాటా సంస్థ వరి ఊక బూడిదలో నానో వెండిని కలిపి ‘స్వచ్’ ఫిల్టర్‌ను రూ.749 ప్రారంభ ధరకు విడుదల చేసింది. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ టి.ప్రదీప్ బృందం ఆర్సెనిక్‌ను తొలగించే ‘అమృత్’ను రూపొందించింది. ఆయనకు 2020లో పద్మశ్రీ దక్కింది.

అంటే శాస్త్రవేత్తలు ఉన్నారు, వస్తువు ఉంది, అవార్డులూ ఉన్నాయి. లేనిది ఏమిటి?

డబ్బు ఎక్కడికి వెళ్లింది?

2007 మేలో కేంద్రం ‘నానో మిషన్’ ప్రకటించింది. ఐదేళ్లకు రూ.1,000 కోట్లు. సి.ఎన్.ఆర్.రావు దానికి సారథి. అబ్దుల్ కలాం అంతకు ముందు నుంచే ఈ రంగం గురించి ఊరూరా చెబుతూ వచ్చారు. 2014లో రెండో దశకు రూ.650 కోట్లు ఆమోదించారు. కర్ణాటక 2007 నుంచే బెంగళూరులో ‘ఇండియా నానో’ సదస్సులు పెట్టి తనను నానో రాష్ట్రంగా చూపించుకుంది. ఈ కృషి వల్ల ప్రయోగశాలలు, పరికరాలు, పీహెచ్‌డీలు, పరిశోధన పత్రాలు పెరిగాయి. పత్రాల సంఖ్యలో భారత్ ప్రపంచంలో ముందు వరుసకు చేరింది.

కానీ పరిశ్రమ అనేది పత్రాలతో నడవదు, ఆర్డర్లతో నడుస్తుంది. నా దృష్టిలో నాయకులు వదిలేసిన పని ఇదే: ఏటా క్రమం తప్పకుండా కొనే వ్యక్తిగా ప్రభుత్వం ముందుకు రాలేదు.

ఓ చిన్న లెక్క చూడండి. స్వచ్ ఫిల్టర్‌లోని బల్బు 3,000 లీటర్లకు సరిపోతుందన్నారు, దాని ధర అప్పట్లో రూ.299. ఒక కుటుంబం తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు వాడితే బల్బు 150 రోజులు వస్తుంది. ఏడాదికి దాదాపు రెండున్నర బల్బులు, రూ.730 దాకా ఖర్చు. మీకూ నాకూ ఇది రెండుసార్లు బయట తిన్న బిల్లు. రేషన్ బియ్యం మీద నడిచే ఇంటికి మాత్రం, జబ్బు చేయకముందే జబ్బు కోసం పెట్టాల్సిన ఖర్చు. పైగా వానాకాలంలో బురదకు క్యాండిల్ రంధ్రాలు త్వరగా పూడుకుపోతాయి, అంటే సరిగ్గా అవసరమైన నెలల్లోనే అది మొండికేస్తుంది. ఫిల్టర్ పంచేటప్పుడు ఫొటో దిగుతారు. రెండో బల్బు ఇచ్చేటప్పుడు ఎవరూ ఫొటో దిగరు.

ఇదే లెక్కను తయారీదారు వైపు నుంచి చూడండి. వెయ్యి కుటుంబాలంటే ఏటా 2,400 పైచిలుకు బల్బులు. పాడేరు ఐటీడీఏ పరిధిలో ముంచింగిపుట్టు సహా 11 మండలాలు ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఐదేళ్లకు ఒకే ఒప్పందం చేసుకుంటే, చిన్న తయారీ సంస్థకు బ్యాంకు దగ్గర చూపించుకోవడానికి ఒక కాగితం దొరుకుతుంది. కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి తీసుకోవాలనే నిబంధన ఇప్పటికే ఉంది. రాష్ట్ర శాఖలకు ఆ నిబంధన వర్తించదు.

మరి ఎవరు చేరవేస్తారు? కొత్త సంస్థ అక్కర్లేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, ఈ కొండల్లో డిపోలు నడుపుతోంది. సరుకులు అందే చోటే బల్బు కూడా అందవచ్చు.

ఆర్డర్ ఇచ్చేముందు ఒక హెచ్చరిక

ప్రభుత్వం కొనాలన్నాం కదా అని ‘నానో’ అన్న ప్రతిదాన్నీ కొనేయమని కాదు. నానో యూరియా సంగతే చూడండి. ఇఫ్కో 2021లో తెచ్చిన అరలీటరు సీసా 45 కిలోల బస్తాకు సమానమన్నారు. సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. బస్తాలో 20 కిలోలకు పైనే. ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్క ఎక్కువ భాగం పీల్చుకుంటుందని ఇఫ్కో వాదన. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పరీక్షిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయి. పరీక్ష ముందు జరగాలి, ప్రచారం తర్వాత రావాలి. ఇక్కడ వరస తిరగబడింది.

నీటి ఫిల్టర్‌కు పరీక్ష అంత కష్టమేమీ కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటీ కనిపించకూడదు. లీటరు నీటిలో వెండి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ఈ రెండూ ఊరి నీళ్లతోనే, ఆగస్టు బురదలో, మూడో నెల వాడకం తర్వాత చూడాలి. ల్యాబ్‌లో తొలిరోజు వచ్చిన ఫలితానికి కొండ మీద విలువ లేదు. ఈ పనికి మనుషులూ కొత్తగా వెతకక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్లతో నీటిని పరీక్షించడం నేర్పాలన్నది పథకంలోనే ఉంది. 2024తో ముగియాల్సిన ఆ పథకాన్ని 2028 దాకా పొడిగించారు కూడా.

అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ గురించి, సెమీకండక్టర్ల గురించి మీరు ఇప్పుడు రోజూ వింటున్నారు. వాటితో పోలిస్తే పూత పూసిన పింగాణీ క్యాండిల్ చాలా చిన్న వస్తువు. పెట్టుబడుల సదస్సులో దానికి స్టాల్ కూడా దొరక్కపోవచ్చు.

మీ ఫోన్‌లో ఇప్పుడే చూడదగినది ఒకటుంది. జల్ జీవన్ మిషన్ నీటి నాణ్యత పోర్టల్‌లో పరీక్షల వివరాలు ఎవరైనా చూడవచ్చు. మండలం పేరు దగ్గర ముంచింగిపుట్టు ఎంచుకోండి. ఎన్ని కుళాయిలు వేశారన్న అంకె దగ్గర ఆగకండి. ఊరి నీటిని చివరిసారి ఏ నెలలో పరీక్షించారో, అది వానలకు ముందో తర్వాతో చూడండి.