పచ్చ ముద్ర ఎవరి పేరు మీద?

తెల్లారకముందే ఉప్పల్ చౌరస్తాలో కూలీల అడ్డా నిండుతుంది. నల్లగొండ, జనగామ పల్లెల నుంచి వరంగల్ రోడ్డు పట్టుకొని వచ్చినవాళ్లు అందులో ఎందరో. పనికి పిలవడానికి వచ్చే మేస్త్రీ బండిలో పోసే పెట్రోలులో ఇప్పుడు అయిదో వంతు ఇథనాల్. అది చెరకు నుంచో, మొక్కజొన్న నుంచో, నూకల నుంచో తీసింది. అంటే ఊళ్లో కూలీ కోసిన పంటే పట్నంలో బండి నడుపుతున్నది. దీన్ని ‘పచ్చ ఇంధనం’ అంటున్నారు. పచ్చదని చెప్పేదెవరు? దేన్ని చూసి చెబుతున్నారు? ఇది రైతుకూలీలు తెలుసుకోవలసిన విషయం.

అడవి నరకకుండా, భూమి పాడుచేయకుండా, పొగ తక్కువ వచ్చేటట్లు ఇంధనం తయారైందని చెప్పే పత్రాలు ఇవాళ నడుస్తున్నాయి. 2009లో యూరపు దేశాలు ఇంధన చట్టం చేసి, మొక్కల నుంచి తీసే ఇంధనానికి ఈ షరతు పెట్టాయి. మరుసటి ఏడాది నుంచి జర్మనీలోని ఐఎస్‌సీసీ అనే సంస్థ పేరిట పత్రాలు రావడం మొదలైంది. 2025 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ వారి పానిపట్ రిఫైనరీ, వాడిన వంటనూనెతో విమాన ఇంధనం చేయడానికి ఆ పత్రం సంపాదించింది. విదేశాలకు పోయే విమానాల ఇంధనంలో 2027 నాటికి 1 శాతం, 2030 నాటికి 5 శాతం ఇలాంటిది కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఉప్పల్ రోడ్డు మీదనే, తార్నాకలో ఉన్న ఐఐసీటీలో కూడా నూనెల నుంచి డీజిలు తీసే పరిశోధన సాగింది. సైన్సుతో మనకు తగాదా లేదు. తగాదా లెక్కతోనే.

ఆ లెక్క ఎట్లా సాగుతుందో చూడండి. నాచారంలో ఒక బండి మీద బజ్జీలు వేసిన నూనె మిగిలిందనుకోండి. మాటిమాటికి కాచిన నూనె వంటకు పనికిరాదని 2018 నుంచి నిబంధన ఉంది. దాన్ని ఏజెంటు పోగుచేసుకుపోతే, పత్రం లెక్క ఆ బండి దగ్గరే మొదలవుతుంది. దానికి వెనుక, పామాయిల్ తోటలో గెలలు కోసిన కూలీ ఆ లెక్కలోకి రాడు. పంట నుంచి నేరుగా తీసే ఇంధనమైతే పొలం దాకా తనిఖీ ఉంటుంది. పిల్లల చేత పని చేయించరాదు, చట్టప్రకారం కూలి ఇవ్వాలి అని కూడా రాసుకున్నారు. మంచిదే. కాని తనిఖీదారుకు ఫీజు కట్టేది కంపెనీయే. వంద కమతాలుంటే మామూలుగా చూసేది పదింటిని. వచ్చినవాడు నాట్లప్పుడు వచ్చాడా, కోతలయ్యాక వచ్చాడా, కూలీని అడిగాడా, పటేలును అడిగిపోయాడా, ఊళ్లో ఎవరికి తెలుసు?

పైగా పత్రమున్న సరుకు, లేని సరుకు ఒకే ట్యాంకులో పోయవచ్చు. కాగితం మీద వేరుగా ఉంటే చాలు. పాలకేంద్రంలో అందరి పాలూ ఒకే క్యానులో పోసి, ఎవరివెన్నో పుస్తకంలో రాసుకున్నట్టు. రాసేవాడు నిజాయితీపరుడైతే సరే. కాకపోతే? 2020లో మన దేశంలోనే 20,000 టన్నుల పత్తి దొంగ పత్రాలతో సేంద్రియ పత్తిగా చలామణి అయిందని, బట్టలకు ముద్ర వేసే జీఓటీఎస్ సంస్థే బయటపెట్టి 11 కంపెనీలను నిషేధించింది.

మరి మన పెట్రోలులో కలిపే ఇథనాల్ సంగతేమిటి? దానికి ఈపాటి తనిఖీ కూడా లేదు. 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ, మురుగునీరు బయటికి వదలమని చెప్పే ధాన్యపు ఇథనాల్ ఫ్యాక్టరీలను ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేని తరగతిలోకి మార్చింది. ఊరిని అడగకుండా ఫ్యాక్టరీ పెడితే ఏమవుతుందో చూశాం. నారాయణపేట జిల్లా చిత్తనూరులో రైతుల ఆందోళన 2023లో పోలీసులతో ఘర్షణ దాకా పోయింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డు మీద బైఠాయిస్తేనే పనులు ఆగాయి. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్దధన్వాడ కూడా రోడ్డెక్కింది. చెరకు నుంచి లీటరు ఇథనాల్ తీయాలంటే సుమారు 2,860 లీటర్ల నీళ్లు కావాలని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. బోరు ఎండితే రైతుకంటే ముందు పని పోయేది కూలీకి. ఆ కూలీయే మరునాడు ఉప్పల్ అడ్డా మీద కనబడతాడు.

ఇంకో అనుభవం కూడా మనకుంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళల సంఘం కానుగ నూనె తీసింది. డీజిలు బదులు అది వాడితే తగ్గే పొగను లెక్కగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు 147 టన్నులకు 645 డాలర్లు చెల్లించింది. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశం తాలూకు పొగకు అది పరిహారమట! ధర అగ్గువే. అయినా ఒక తేడా ఉంది. సొమ్ము సంఘానికే వచ్చింది. ఎంత లెక్కగట్టారో, ఎంత ఇచ్చారో ఆడవాళ్లకు తెలిసింది. ఇవాళ్టి పత్రం కంపెనీ పేరు మీద వస్తున్నది. పంట పండించిన ఊరికి అది ఎట్లా ఉంటుందో కూడా తెలియదు.

పత్రాలన్నీ బూటకమని కొట్టిపారేస్తే నష్టపోయేది మనమే. రేపు పత్తి, ఆయిల్‌పామ్ కొనేవాడు ఈ కాగితాన్నే ముందు పెట్టి ధర కడతాడు. కాగితం లేని సన్నకారు రైతును పక్కకు తోసేస్తాడు. కనుక మనం అడగవలసినవి ఇవి. తనిఖీ తేదీని ముందుగా ఊళ్లో చాటింపు వేయాలి. కూలీలతో యజమాని ఎదుట లేకుండా మాట్లాడాలి. నివేదికను తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. ముద్ర వల్ల వచ్చే అదనపు ధరలో రైతుకూ కూలీకీ వాటా ఉండాలి. గ్రామసభ తీర్మానం లేకుండా ఏ ఫ్యాక్టరీనీ పచ్చదని అనరాదు.

ఇవేవీ అడగకుండా వచ్చేవి కావు. కూలి ఎంత ముట్టిందో, ఎన్ని రోజులు పని దొరికిందో, ఏ బోరు ఎప్పుడు ఎండిందో సంఘం పుస్తకంలో ఇప్పటినుంచే రాసుకుందాం. కంపెనీ కాగితం ముందు పెట్టడానికి మన దగ్గర కూడా ఒక కాగితం ఉండాలి గదా!